పసుపు గుర్రం, నాయనమ్మ పేరు

పాడేరు, అరకు, చింతపల్లి కొండల నుంచి చదువు కోసం విశాఖపట్నం దిగినవాళ్లం మేము. ఓడరేవు చూశాం, ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు చూశాం. సిటీ బస్సులో మేం మాట్లాడుకుంటుంటే మా యాసకి వెనక్కి తిరిగి నవ్వేవాళ్లనీ చూశాం. ఆ రోజుల్లోనే ‘త్రీ మస్కటీర్స్’ నవల మా చేతికొచ్చింది. ఒకే పుస్తకం, గదిలో అందరం వంతులేసుకుని చదివాం.

అలెగ్జాండర్ డ్యూమా 1844లో పారిస్ పత్రికలో సీరియల్‌గా రాసిన నవల అది. ఫ్రాన్స్ రాణి తనను ప్రేమించిన ఇంగ్లండ్ దొరకి వజ్రాలిస్తుంది. ఆ సంగతి బయటపెట్టి ఆమె పరువు తీయాలని కార్డినల్ రిషెలూ ఎత్తు వేస్తాడు. వజ్రాలు వెనక్కి తేవడానికి బయల్దేరినవాడు డార్టగ్నన్. గాస్కనీ పల్లె కుర్రాడు, పద్దెనిమిదేళ్లు. నాన్న ఇచ్చిన ముసలి పసుపు గుర్రమెక్కి పారిస్‌కి వస్తుంటే, దారిలో ఒక పెద్దమనిషి ఆ గుర్రం రంగు చూసి నవ్వుతాడు. కుర్రాడు కత్తి దూస్తాడు. ఆ పేజీ మాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది.

రెండోసారి చదివినప్పుడు మా చూపు నౌకర్ల మీద పడింది. ప్లాంషే, గ్రిమో, మస్కెటన్, బాజాన్. నలుగురు వీరులకి నలుగురు. గ్రిమోకి నోరు విప్పే వీల్లేదు, యజమాని సైగలే అతనికి మాట. లండన్ దారిలో ముగ్గురు మస్కటీర్లూ ఒక్కొక్కరే ఆగిపోతే, డార్టగ్నన్‌తో సముద్రం దాటింది ప్లాంషే ఒక్కడే. అయినా అట్ట మీద అతని పేరు లేదు.

మన కొండల కథా ఇలాగే చెబుతారు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లినవాళ్లలో అల్లూరి సీతారామరాజు పేరు అందరికీ తెలుసు. గాం గంటందొర, గాం మల్లుదొర మాత్రం ‘అనుచరులు’. అండమాన్ శిక్ష అనుభవించిన మల్లుదొర 1952లో ఈ విశాఖపట్నం నుంచే లోక్‌సభకి గెలిచాడని మా తరగతిలో ఎంతమందికి తెలుసు?

డ్యూమా గురించి ఇంకో సంగతి ఆలస్యంగా తెలిసింది. ఆయన నాయనమ్మ మరీ సెసెట్ నల్లజాతి బానిస. ఇప్పటి హైతీలో బతికింది. తాత ఫ్రెంచి జమీందారీ వంశంవాడు. వాళ్ల కొడుకు సైన్యంలో మామూలు సిపాయిగా చేరేటప్పుడు తండ్రి వంశం పేరు వదిలి తల్లి పేరు పెట్టుకున్నాడు. ఆ పేరుతోనే జనరల్ అయ్యాడు. ‘డ్యూమా’ అంటే ఆ బానిస తల్లి పేరే.

మాలో కొందరు హాజరు పిలిచేటప్పుడు నవ్వుతారని ఇంటిపేరు మింగేసేవారు. కొర్రా అంటే సూర్యుడు, కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద. ఇవి దాచుకునే పేర్లా? ఈ పుస్తకంలో ప్రతి వ్యాసం కిందా ఇంటిపేరు పూర్తిగా వేయమని మేము అడిగింది అందుకే.