చీరాల దాకా పద్దుల ప్రయాణం

విజయవాడలో పన్ను లెక్కలు చూసే మా బోటివాళ్లకు నెలలో 14 నుంచి 20 దాకా తిరునాళ్లే. మన పార్టీకి సరుకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లులన్నీ 14న జీఎస్టీ పోర్టల్లో 2బీ పేరుతో ఒకచోట చేరతాయి. 20 లోపు 3బీ రిటర్ను వేసి పన్ను కట్టాలి. 2025 జూలైలో మాత్రం ఆ వారం ఆఫీసులో కూర్చోబుద్ధి కాలేదు. జూలై లెక్కల నుంచి, అంటే ఆగస్టులో వేసే రిటర్ను నుంచి, 3బీలో అమ్మకాల పన్ను అంకెను చేత్తో దిద్దడం కుదరదని పోర్టల్ జూన్‌లోనే ప్రకటించింది. ఇన్నాళ్లూ జీఎస్టీఆర్-1లో చూపిన అమ్మకాలకూ కట్టే పన్నుకూ తేడా వస్తే, గుమాస్తా 3బీలో ఒక అంకె మార్చి గండం గట్టెక్కించేవాడు. ఇక ఆ దారి మూసుకుపోతోంది. ఫోన్లో చెబితే "సరే సరే, అదేదో మీరే చూసుకోండి" అంటారు. ఎదురుగా కూర్చుని చెబితేగానీ చెవికెక్కదు. అందుకే గుంటూరు, చిలకలూరిపేట, చీరాల ఒక చుట్టు చుట్టి రావాలనుకున్నాను.

తోడుగా పద్దుల సాఫ్ట్‌వేర్ డీలరు దగ్గర పనిచేసే కుర్రాడు వచ్చాడు. ఆర్టీసీ నాన్‌స్టాప్ కాజ టోల్‌గేటు దాటేలోపే టాలీ రాబోయే రోజుల్లో ఎలా ఉండబోతోందో అంతా అప్పజెప్పేశాడు. టాలీప్రైమ్ 5.0లోనే పోర్టల్‌తో నేరుగా ముడిపడింది, 6.0లో బ్యాంకు ఖాతా కూడా కలిసింది, ఇక కొన్న సరుకు బిల్లుల మంజూరు కూడా మన తెర మీదికే తెస్తారంటున్నారు సార్ అన్నాడు. రిలీజు నంబర్లు వల్లె వేయడంలో ఈ కుర్రాళ్లకు సాటి లేదు. 1986లో బెంగళూరులో తండ్రి వ్యాపారం లెక్కల కోసం భరత్ గోయెంకా రాసిన ప్రోగ్రామే ఇంతదైందని నేను చెబితే మాత్రం వాడికి కొత్తగా వినిపించింది.

గుంటూరు మిర్చి యార్డు వేసవి సెలవుల తర్వాత జూన్‌లో తెరుచుకుంది. జూలైలో కాటాకొచ్చేదంతా కోల్డ్ స్టోరేజీ సరుకే. ఘాటుకు కుర్రాడు గేటు దగ్గరే దగ్గు మొదలెట్టాడు. మా పార్టీ ఎగుమతిదారులకు, బయటి రాష్ట్రాలకు లోడ్లు పంపే వ్యాపారి. ఆయనకు 3బీ సంగతి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ ఏడాది ధర ఎంత పడిపోయిందంటే, ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ఆసరా ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆయన ధ్యాసంతా అమ్ముడుపోని సరుకు మీదే.

"నాకు కావాల్సింది ఒక్కటే కాగితమండీ. తేజ ఎన్ని టిక్కీలు, 334 ఎన్ని, ఏ కోల్డ్ స్టోరేజీలో, ఎన్నాళ్ల నుంచి. అది వస్తుందా మీ కొత్త దాంట్లో?"

కొత్త దాంట్లో కాదు, పాత దాంట్లోనే వస్తుంది. గోడౌను వారీగా నిల్వలు, సరుకు వయసు చూపే రిపోర్టు ఏళ్ల నుంచీ ఉన్నాయి. కుర్రాడు తెరిచి చూపిస్తే టిక్కీలన్నీ ఒకే గోడౌనులో కనిపించాయి. పెద్ద గుమాస్తా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఎంట్రీ వేసేటప్పుడు గోడౌను ఎంచుకోవాలంటే ఇంకో మీట నొక్కాలి, ఆ ఒక్క నొక్కుడు ఆదా చేశాడాయన. రిపోర్టులు మెరుగవుతున్నాయని కంపెనీలు ఎంత చెప్పినా, కాటా చీటీ నుంచి తెర మీదికి అంకె ఎక్కేచోట ఇలా ఆదా చేసేవాళ్లు ఉన్నంతకాలం ఆ మెరుగు రంగుల గ్రాఫులకే పరిమితం.

3బీ మాట మళ్లీ ఎత్తాను. ఈసారి గుమాస్తాయే ఉలిక్కిపడ్డాడు. లోడు చేరాక తేమ ఉందనో, తాలు కాయ కలిసిందనో కొన్నవాళ్లు కోత పెడతారు. అప్పటికి జీఎస్టీఆర్-1 వెళ్లిపోయి ఉంటుంది. ఆ కోతంతా ఇన్నాళ్లూ 3బీలోనే సర్దేవాడట. ఇకమీదట 3బీ వేసేలోపు జీఎస్టీఆర్-1ఏలో దిద్దాలి, అదీ నెలకు ఒక్కసారే. లేదంటే క్రెడిట్ నోటు రాయాలి. "అయితే లారీ దిగిన రోజే ఫోన్ చేసి కోత తేల్చుకోవాల," అన్నాడు. నేను అరగంట చెప్పాలనుకున్నది ఒక్క ముక్కలో తేల్చేశాడు.

సాఫ్ట్‌వేర్‌ను పోర్టల్‌కు కలపడానికి ఓటీపీ కావాలి. అది యజమాని ఫోనుకే వస్తుంది. ఆయనేమో అప్పటికే బేరం దగ్గరికి వెళ్లిపోయాడు. ముఠా కూలీల కేకల మధ్య గుమాస్తా షెడ్డు ఆ చివరి దాకా పరుగెత్తి, ఆరంకెలూ గట్టిగా చదువుకుంటూ తిరిగొచ్చాడు. పోర్టల్లో ఒకసారి అనుమతిస్తే 6 గంటల నుంచి 30 రోజుల దాకా మళ్లీ ఓటీపీ అడగకుండా పెట్టుకోవచ్చు. గుమాస్తా 30 రోజులన్నాడు. యజమాని 6 గంటలన్నాడు. యజమానిదే నెగ్గింది. గుమాస్తా మోకాళ్ల మీద జాలిపడ్డా, తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న విషయంలో యజమాని మాటే నాకూ సబబనిపించింది.

చిలకలూరిపేటలో ఎక్కువసేపు లేం. గణపవరం వైపు జిన్నింగు మిల్లులో పని తెలిసిన అకౌంటెంటు ఉన్నాడు. రైతు దగ్గర పత్తి కొంటే పన్ను కొన్నవాడే కట్టాలన్న నియమం ఆయనకు కంఠతా వచ్చు. పది కోట్లు, ఆపైన టర్నోవరున్నవాళ్లు ఈ-ఇన్వాయిస్‌ను 30 రోజుల్లోపు పోర్టల్‌కు ఎక్కించాలని ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గడువునూ గోడ మీద రాసి పెట్టుకున్నాడు. టీ తాగించి పంపేశాడు. పర్చూరు మీదుగా చీరాల బస్సులో కుర్రాడు నిద్రపోయాడు.

చీరాలను చిన్న బొంబాయి అంటారు. గుడ్డల మార్కెట్లో మా పార్టీ సూరత్ నుంచి చీరలు తెప్పించే టోకు వ్యాపారి. 2024 అక్టోబరులో పోర్టల్లోకి వచ్చిన ఐఎంఎస్ అంటే ఈయనకు మహా మోజు. అమ్మినవాళ్లు ఎక్కించిన ప్రతి బిల్లూ అక్కడ కనిపిస్తుంది. ఒప్పుకోవచ్చు, తిప్పికొట్టవచ్చు, పెండింగ్‌లో పెట్టవచ్చు. ఏమీ చేయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. "ఇన్నాళ్లకు నా చేతికి ఓ మీట ఇచ్చారు మాస్టారూ," అని తిప్పికొట్టే బటన్ చుట్టూ బాణం గుర్తు తిప్పుతున్నాడు.

ఆయన కోపం ఒక క్రెడిట్ నోటు మీద. డ్యామేజీ చీరలు తిరిగి పంపితే, సూరత్ పార్టీ ఈయన పంపినదానికన్నా ఎక్కువ మొత్తానికి నోటు రాసింది. ఒప్పుకుంటే ఈయన తీసుకున్న క్రెడిట్‌లో అంతా కోసుకోవాలి. క్రెడిట్ నోటును పెండింగ్‌లో పెట్టే వీలు అప్పటికింకా లేదు. తిప్పికొడితే? ఆ పన్ను వచ్చే నెల సూరత్ ఆయన 3బీలోకి వెళ్లి కూర్చుంటుంది. వచ్చే నెల నుంచి ఆయన ఆ అంకె చెరపలేడు.

మూడు ఊళ్లు తిరిగి నేను చెప్పాలనుకున్నది ఇదే. ఎవరి పద్దులు వాళ్ల కొట్టు గోడల మధ్య ఉండే రోజులు పోయాయి. చీరాలలో నొక్కిన మీటకు సూరత్‌లో పన్ను కదులుతుంది. సాఫ్ట్‌వేర్ నుంచి ఇప్పుడు అడగాల్సింది లాభనష్టాల పట్టికను ఇంకాస్త అందంగా చూపమని కాదు. ఏ పార్టీ ఏ బిల్లు ఎక్కించలేదు, ఎవరి నోటు మన దగ్గర ఆగింది, మనది ఎవరి దగ్గర ఆగింది, ఈ మూడూ పొద్దున్నే కొట్టు తెరవగానే కనిపించాలి.

"మీట నొక్కేముందు ఫోన్ చెయ్యండి," అన్నాను. చేశాడు. చీరాల హిందీలో గట్టిగానే వాదించాడు. అవతలాయన ఇంకా 3బీ వెయ్యలేదట, తేడాను 1ఏలో దిద్దుతానన్నాడు. అది ఇక్కడ వచ్చే నెల 2బీలో తేలుతుంది, అందాకా ఇప్పుడున్న నోటు ఒప్పుకోమన్నాడు. ఈయన ఒప్పుకున్నాడుగానీ, ఫోన్ పెట్టేశాక గొణిగాడు:

"ఆ నెల్లాళ్ల వడ్డీ ఎవడిస్తాడు? వచ్చే బిల్లులో కోసేస్తా."

తర్వాత కుర్రాడి వైపు తిరిగాడు. "ఫోన్లో ఎవడేం ఒప్పుకున్నాడో రాసుకునే చోటుందా ఇందులో?"

"నెరేషన్‌లో రాసుకోవచ్చు సార్."

"రాస్తాలే. పార్టీ పేరు కొడితే ఆ మాటలన్నీ తేదీల వారీగా ఒక్కచోట రావాలి. వస్తాయా?"

కుర్రాడు రిలీజు నంబర్లన్నీ మనసులో తిరగేసుకున్నట్టున్నాడు, జవాబు రాలేదు. కంపెనీకి రాసి పంపమని చెప్పాను. ఫోన్లో నోట్ చేసుకున్నాడు. పినాకిని రైలు వేళవుతోందని లేస్తుంటే, వ్యాపారి నెరేషన్ గడిలో సూరత్ ఆయన ఒప్పుకున్నదంతా తేదీతో సహా, వడ్డీ లెక్కతో సహా టైపు చేయించడం మొదలెట్టాడు.