రామతీర్థమునుండి కొండవెలగాడకు

గత మాఘమాసమున రెండవ శనివారమునాడు మేము కుటుంబసమేతముగా రామతీర్థయాత్ర చేసితిమి. మా వారు బడిపంతులగుటచే ఆ దినము వారికి సెలవు. కొండమీది కోదండరాముని దర్శింపవలెనని మా అత్తగారికి చిరకాలవాంఛ. పదమూడేండ్ల మా అమ్మాయియు వెంట నుండెను. విజయనగరమున బస్సెక్కి, చంపావతీనది నానుకొనియున్న నెల్లిమర్ల మీదుగా ప్రొద్దెక్కకమునుపే క్షేత్రము చేరితిమి.

క్రింది ఆలయమున పూజ ముగించి కొండకు బయలుదేరితిమి. దానిని నీలాచలమనియు, బోడికొండయనియు పిలుతురు. నున్నని రాతికొండ, మెట్లు కలవు. అత్తగారు ఇరువది మెట్లెక్కి కూర్చుండిపోయిరి. “నా కాళ్ళు నా మాట వినుటలేదమ్మా. మీరు పోయి నా దండము గూడ పెట్టి రండు” అనిరి. ఒకప్పుడు తిరుగలి త్రిప్పి, నూతినుండి ఇంటిల్లిపాదికి నీళ్ళు తోడిన మనిషి ఆమె. ఆ మాట విని మా మనస్సు కలుక్కుమనెను.

మేమును పైకెక్కితిమి గాని, దిగునప్పుడు మా గుట్టు బయటపడెను. అడుగడుగునకు తొడలు గడగడ వణకినవి. అమ్మాయి భుజము పట్టుకొని దిగితిమి. మాకు ముప్పదియారేండ్లు. వంటగదిలో నిలుచుండియే వంట, కుళాయి త్రిప్పిన నీరు, మీట నొక్కిన పిండి. ఇట్టి సుఖములకు మేము సంతసించువారమే గాని, కాళ్ళకు పని తప్పి పదేండ్లాయెనని ఆ మెట్లమీదనే తెలిసికొంటిమి.

కొండవెలగాడయు నెల్లిమర్ల మండలములోనిదే. మా వారి పూర్వవిద్యార్థి యొకడు అచ్చటివాడు. అతడు పలుమారు పిలిచియుండుటచే మధ్యాహ్నభోజనమునకు వారింటికి పోయితిమి. చూచుటకు పొలముల నడుమనున్న సామాన్యపు పల్లె. అయినను బరువులెత్తు క్రీడకు ఈ యూరు పెట్టినది పేరు. ఆ విద్యచేతనే రైల్వేలోను, సైన్యములోను ఉద్యోగములు సంపాదించినవారు ఇచ్చట పెక్కురు. ఈ యూరి ఆడుపడుచు మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతిలో మొత్తము 188 కిలోలెత్తి రజతపతకమును పొందెను. ఈ ప్రాంతమునకిది క్రొత్తయు గాదు. సంగిడిరాళ్ళెత్తు పందెములు ఇచ్చటి పల్లెలకు పాతవే. శ్రీకాకుళము జిల్లా ఆముదాలవలస చెంత ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో 110, 130, వెరసి 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకము నందిన మొట్టమొదటి భారతస్త్రీ యాయెను. ఆడువారికి ఒలింపిక్సులో ఈ క్రీడ నాటితోనే ఆరంభము.

సాయంకాలము అభ్యాసము చూడబోయితిమి. చెక్కబల్లలు పఱచిన నేల, ఇనుపబార్లు, రంగురంగుల ప్లేట్లు, సున్నపుపొడివంటి తెల్లని పొడి యొక పళ్ళెములో. మా అమ్మాయి యీడు పిల్లలు కొందఱు, పెద్దపిల్లలు కొందఱు. ఒక బాలిక బారును మెడవెనుక భుజములమీద నిలిపికొని, రొమ్ము విరిచి, పిరుదులు మడమలకు దాపగునట్లు కూర్చుండి, ఊపిరి బిగబట్టి లేచినది. మన బస్కీయే అది. వినాయకునియెదుట తీయు గుంజిళ్ళకు పెద్దక్క!

చేతులతో ఎత్తుదురనుకొని వచ్చితిమి. శిక్షకుడు నవ్వి ఇట్లు వివరించెను: “చేతులు కొక్కెములు మాత్రమేనమ్మా. నేలనుండి బరువును లేపునవి తొడలును పిరుదులును. మొత్తము దేహములో పెద్ద కండరము పిరుదులలోనిదే. ఆడపిల్లల బారే 15 కిలోలు. మొదట ఉత్తకఱ్ఱతో నడుము వంగకుండ కూర్చుండుట నేర్పి, పిదప కొద్దికొద్దిగా పెంచెదము. తొందరపడినవారికే దెబ్బలు.” కొండ దిగునప్పుడు మా తొడలేల వణకెనని అడిగితిమి. దిగునప్పుడు ముందుతొడ కండరము సాగుచునే బరువు నాపవలెననియు, బండికి బ్రేకువలె అదియే పనిచేయుననియు, అలవాటు లేని కండరమునకు అది కష్టమనియు చెప్పెను.

ఆ బాలిక నడిచిపోవుచుండగా చూచితిమి. నిటారైన వెన్ను, నిండైన తొడలు, తొణకని అడుగు. మన కవులు నాయికను రంభోరువనియు, కరభోరువనియు ఊరకనే వర్ణింపలేదు. అరటిబోదెవలె నిండినది గాని చీపురుపుల్లవలె ఎండినది గాదు వారి సౌందర్యము. నేటి పడుచులు నాజూకుదనమునకై కడుపు మాడ్చుకొనుచున్నారు. కేవలము పస్తుచే కృశించిన దేహమున కొవ్వుతోపాటు కండయు కరుగును. రూపము దిద్దునది ఆకలి కాదు, కండ. బరువులెత్తిన ఆడువారు మగవారివలె మోటుగా అగుదురను భయమును వలదు. మగవారి కండను పెంచు ద్రవము స్త్రీదేహమున మిక్కిలి స్వల్పము.

మా అమ్మాయి మెల్లగా, “నేనును నేర్చుకొందునా?” అనెను. అత్తగారు వెంటనే, “ఆడపిల్లకు ఇనుపగుదిబండలేమే! రేపు నిన్నెవరు చేసికొందురు?” అని కసరిరి. ప్రక్కనే చాపమీద ఆ బాలిక నాయనమ్మ కూర్చుండియుండెను. ఆమె అనిన మాటలు ఇవి: “నాను గూడ మోసినానమ్మా, గడ్డిమోపులు, ఇటికిలు. ఒళ్ళరిగిపోనాది గాని బలం రానేదు. మోసినందుకు నాకెవులు గుడ్డెట్టినారు? ఎవులు పడుకోమన్నారు? దీనికి బరువుతో పాటు తిండీ ఉంది, నిద్రా ఉంది.”

మేము తెల్లబోయితిమి. చాకిరికిని సాధనకును గల భేదమును ఏ గ్రంథమును మాకింత సూటిగా చెప్పలేదు. చాకిరిలో బరువును నిర్ణయించువారు ఇతరులు. సాధనలో మనమే నిర్ణయించి, కొంచెము పెంచి, తిని, విశ్రమించి, మరల ఎత్తుదుము. ఆ విశ్రాంతిలోనే కండ పెరుగును.

బస్సువేళకు లేవబోయి అత్తగారు చాపమీదనుండి లేవలేకపోయిరి. ఇంటివద్ద ప్రతిదినము మేము చేయి పట్టి లాగుచుంటిమి. ఆనాడు ఆ బాలిక వచ్చి, ఆమె చంకలక్రింద చేతులుంచి, తాను మోకాళ్ళు వంచి, పసిపాపనువలె నిలువబెట్టెను. అత్తగారు ఆ పిల్ల చేతిని చాలసేపు విడువలేదు. బస్సు నెల్లిమర్ల దాటినపిమ్మట, “పిల్లను నేర్చుకోనిమ్ము. తిండి మాత్రము సరిగా పెట్టుము” అనిరి. మా వారు కిటికీవైపు తిరిగి నవ్వుకొనిరి.

నాటినుండి మా యింట వారమునకు రెండు దినములు సాధన జరుగుచున్నది. అమ్మాయి పట్టణములో శిక్షకునియొద్ద నేర్చుకొనుచున్నది. మేము పెరటిలో బస్కీలు తీయుదుము; వెల్లకిల పరుండి మడమలు నేలకానించి నడుము పైకెత్తుదుము; మెట్టుమీద ఒక్కొక్క కాలితో ఎక్కి దిగుదుము. ఒక్కొక్కటి పదిమారుల చొప్పున మూడు విడతలు. సుకరమైనపుడు బియ్యపుసంచి నొకదానిని రొమ్మున హత్తుకొందుము. మొదట 2 కిలోలు, నేడు 8. గ్రుడ్డు తినువారికి గ్రుడ్డు; మా వంటివారికి పప్పు, పెరుగు, శనగలు. తొలివారములలో కండ కనబడదు. నరములు పని నేర్చుకొనుచుండును గావున బలము మాత్రము తెలియును. ముప్పది దాటినపిమ్మట కండ క్రమముగా తరుగుననియు, ఈ సాధన ఎముకలకు గూడ బలమనియు వైద్యులందురు. మోకాలినొప్పి గలవారు వైద్యునడిగియే ఆరంభింపవలెను.

అత్తగారి సాధన కుర్చీతో. చేతులానించక లేచుట, కూర్చుండుట. మొదట రెండుమారులకే ఆయాసపడిరి, ఇప్పుడు పదిమారులు. వచ్చు మాఘమునకు వారెన్ని మెట్లెక్కుదురో ఆ కోదండరామునికే ఎఱుక. మొన్న మాత్రము భోజనానంతరము ఎప్పటివలె మేము చేయి చాపితిమి. వారు మా చేతిని చూచి, తమ అరచేతిని నేలకానించి, మెల్లగా తామే లేచి, కంచము తీసికొని వంటయింటిలోనికి పోయిరి.