గుమ్మడికాయలు దొంగిలించనివాళ్ళ భుజాలు

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. నాదో చిన్న సందేహం. రోడ్డు మలుపులో పోలీసు కనపడగానే, జన్మలో ఒక్క గుమ్మడికాయ కూడా దొంగిలించని మనమంతా భుజాలెందుకు తడుముకుంటాం?

నా సంగతే చెప్తాను. హెల్మెట్ ఉంటుంది. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు అన్నీ ఉంటాయి. కట్టాల్సిన చలానా ఒక్కటి కూడా లేదు. అయినా సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ పోలీసు ఇటు తిరిగితే చాలు, క్లచ్ మీద వేళ్ళు బిగుసుకుంటాయి. మొహం అమాయకంగా పెట్టడానికి ప్రయత్నిస్తాను. (అమాయకుడు పనిగట్టుకుని అమాయకంగా మొహం పెడితే ఎంత అనుమానాస్పదంగా ఉంటాడో ఊహించుకోండి.)

చిన్నప్పుడు "అన్నం తినకపోతే పోలీసుకి పట్టిస్తా" అని అమ్మలు బెదిరించడం వల్లే ఈ భయం అంటారు కొందరు. నాకంత నమ్మకం లేదు. అదే అమ్మ బూచాడొస్తాడని కూడా చెప్పింది. బూచాడి భయం ఆరేళ్ళకే పోయింది. ఇది నలభై దాటినా పోలేదు!

కొన్నేళ్ళ క్రితం పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి ఒక కానిస్టేబుల్ గారు మా ఇంటికొచ్చారు. పాపం మర్యాదస్తుడే. కాగితాలు చూసుకున్నారు, అమ్మ ఇచ్చిన కాఫీ తాగారు. మా నాన్న ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన ముందు కూర్చోడానికి మా ఊరి పెద్దలు కూడా మొహమాటపడేవారు. అలాంటి మనిషి, కానిస్టేబుల్ గారు సోఫాలో కూర్చుంటే తను పక్కన నిలబడిపోయారు. "కూర్చోండి మాస్టారూ" అని ఆయనే రెండుసార్లు అన్నాక గానీ కూర్చోలేదు. మర్నాడు ఆఫీసులో మావాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న "ఎంతిచ్చావ్?" అని. ఏమీ ఇవ్వలేదంటే ఒక్కడూ నమ్మలేదు.

తర్వాత ఎప్పుడో ఒక శనివారం రాత్రి డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో ఆపారు. "ఏయ్, బండి పక్కకి తియ్" అన్నాడు కానిస్టేబుల్. తీశాను. మెడలో ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతోంది, తీసెయ్యడం మర్చిపోయా. టార్చి వెలుగు దానిమీద పడింది. వెంటనే "సార్, ఒకసారి ఊదండి" అన్నాడు. మనిషి అతనే, నేనూ నేనే. పది సెకన్లలో "తియ్" కాస్తా "ఊదండి" అయింది. మర్యాద దక్కినందుకు ఆ క్షణంలో సంతోషించాను. ఇంటికొచ్చాక అర్థమైంది, ఆ మర్యాద నాక్కాదు, ట్యాగుకి.

నాకు తోచిన కారణం ఇదే. మనం తప్పు చేశామని కాదు భయపడేది. ఎదుటివాడు "మీరు" అంటాడో "నువ్వు" అంటాడో, ఆపైన ఏం చేస్తాడో ముందే చెప్పగలిగే రూలేదీ మనకి కనపడదు. మన భాషలో చెప్పాలంటే, రూట్ పాస్‌వర్డ్ ఆయన దగ్గరుంది, లాగ్ రాసేదీ ఆయనే. అలాంటి సర్వర్ మీద పని చెయ్యాలంటే ఎంత నిజాయితీపరుడైన ఇంజనీరుకైనా చెమటలు పడతాయి. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్లో ఆడియోతో సహా రికార్డు చేసే సీసీ కెమెరాలు పెట్టాలని ఆదేశించింది. అంటే లాగ్ ఇంకెవరైనా కూడా రాయాలన్నమాట.

ఈ భయం మన తరంతో మొదలైంది కూడా కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1855లో ఒక విచారణ కమిషన్ నివేదిక ఇచ్చింది. శిస్తు వసూలుకీ, నేరం ఒప్పించడానికీ జనాన్ని చిత్రహింసలు పెట్టడం మామూలైపోయిందని తేల్చింది. శిస్తు వసూలు చేసే బంట్రోతులే పోలీసు పని కూడా చేసేవాళ్ళు మరి. దాంతో 1859లో మద్రాసుకి విడిగా పోలీసు చట్టం వచ్చింది. 1857 తిరుగుబాటు చూసి బెదిరిన తెల్లవాళ్ళు 1861లో పోలీస్ యాక్ట్ చేశారు. వాళ్ళకి కావలసింది జనం అణిగి ఉండటం. పోలీసులు జనానికి జవాబు చెప్పడం కాదు. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సంస్కరణలకు ఆదేశాలిచ్చింది. వాటిలో పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి విడిగా అథారిటీలు పెట్టాలన్నది ఒకటి. అంటే స్వాతంత్ర్యం వచ్చిన 59 ఏళ్ళకి కూడా ఆ మాట కోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకునే వ్యవహారమే. నేను నవ్వుకోలేనిది ఒకటుంది.

2013లో, చలికాలం. రిలీజ్ ముగించుకుని రాత్రి పదకొండున్నరకి ఇంటికొస్తున్నాను. ఊరి శివార్లలో రోడ్డు పక్కన బైకు పడి ఉంది, దాని పక్కన మనిషి. చెయ్యి కదులుతోంది. నా ముందున్న కారు స్లో చేసి వెళ్ళిపోయింది. నేనూ స్లో చేశాను. "నువ్వే గుద్దావా?" అంటే ఏం చెప్పాలి? సాక్షి అని కోర్టు చుట్టూ తిప్పితే? వచ్చే నెలలో ఆన్‌సైట్ ఉంది, పాస్‌పోర్టు అడిగితే? ఇవన్నీ మూడు సెకన్లలో తిరిగాయి బుర్రలో. వెళ్ళిపోయాను.

అర కిలోమీటరు పోయాక ఆపి 108కి ఫోన్ చేశాను. చోటు చెప్పాను. పేరడిగేసరికి కట్ చేశాను. తర్వాత వారం రోజులు పేపర్లో జిల్లా పేజీలు చూస్తూనే ఉన్నాను. ఆ మనిషి ఏమయ్యాడో నాకిప్పటికీ తెలీదు.

నాలాంటి వాళ్ళ కోసమే కాబోలు, తర్వాత చట్టం మారింది. సాయం చేసినవాళ్ళని వేధించకూడదన్న కేంద్రం మార్గదర్శకాలని 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఆమోదించి, అందరూ పాటించి తీరాలంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. సదుద్దేశంతో సాయం చేసినవాళ్ళ మీద, ఆ సాయంలో పొరపాటు జరిగినా సరే, కేసు ఉండదు. 2020 రూల్స్ ప్రకారం పేరూ అడ్రసూ చెప్పమని పోలీసులు బలవంతపెట్టకూడదు. మనంతట మనం సాక్ష్యం చెప్తామంటే, మనకి వీలైన చోటికే, మామూలు బట్టల్లో రావాలి. చూశారా, ఖాకీ చూస్తే జనానికి నోరు పెగలదని ఆ రూల్స్ రాసినవాళ్ళకి కూడా తెలుసు!

ఇవన్నీ బట్టీపట్టాను. పోయినేడాది పరీక్ష వచ్చింది. వానలో ఒకమ్మాయి స్కూటీ జారి పడింది, తలకి దెబ్బ. ఈసారి ఆగాను. వెనకే వస్తున్న ఆటో అతను నేను చెయ్యెత్తకముందే ఆపాడు. ఇద్దరం కలిసి ఆసుపత్రికి చేర్చాం. ఆ అమ్మాయికి ప్రాణాపాయం లేదన్నారు.

కాసేపటికి కానిస్టేబుల్ వచ్చాడు. సెక్షన్ నంబరుతో సహా రిహార్సల్ వేసుకున్న డైలాగ్ గొంతులోనే ఉండిపోయింది. "పేరు చెప్తారా సార్? ఇష్టమైతేనే" అన్నాడతను. చెప్పాను. "ఆపినందుకు థాంక్స్ సార్, ఎవరూ ఆపట్లేదు" అన్నాడు. పన్నెండేళ్ళుగా మోస్తున్న బరువు కొంచెం దిగినట్టనిపించింది.

అప్పుడతను అటు తిరిగి, గోడ పక్కన నిలబడ్డ ఆటో అతన్ని చూసి "ఏయ్, నీకేం పనిరా ఇక్కడ?" అన్నాడు.

"ఆయనే తీసుకొచ్చాడండీ, నేను వెనక కూర్చున్నానంతే" అన్నాను. "అవునా? తెలీక అన్నాను" అని కానిస్టేబుల్ నొచ్చుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఆ మాట అటు తిరిగి చెప్పేలోపే ఆటో అతను లేడు. చట్టం మా ఇద్దరికీ ఒకటే. ట్యాగు మాత్రం నా మెడలోనే ఉంది.

బయటికి పరిగెత్తాను. ఆటో అప్పటికే గేటు దాటిపోయింది. సీటంతా నెత్తురైంది, కడుక్కోవాలి. ఛార్జీ కూడా తీసుకోలేదు. ఆ రాత్రి మా ఇద్దరిలో ముందు బండి ఆపింది అతను. మళ్ళీ ఇంకో వానలో ఇంకొకరు పడిపోతే అతను ఆపుతాడా అన్నదే నా దిగులు.