గొట్టం పొడుగూ, గురి దూరమూ

తుపాకి గొట్టం ఎంత పొడుగైతే గుండు అంత దూరం పోతుందని మనవాళ్ళకు గట్టి నమ్మకం. ఈ నమ్మకం ఉత్తపుణ్యానికి పుట్టలేదు సుమండీ! మూతిలోంచి మందు కూరి కాల్చే పాతకాలపు తుపాకుల్లో నల్లటి మందు నిదానంగా కాలేది. అది పూర్తిగా కాలి గుండును తోయాలంటే పొడుగాటి గొట్టం కావలసి వచ్చేది. ఇప్పటి తూటాల్లోని పొగరాని మందు అలా కాదు. సగం గొట్టం దాటేసరికి దాని పని చాలావరకు అయిపోతుంది. ఆపైన అంగుళానికి సెకనుకు ఐదు నుంచి పది అడుగుల వేగం హెచ్చితే హెచ్చుతుంది. అసలు వేగమే 1,200 అడుగుల పైచిలుకు అయినప్పుడు ఈ కొసరు ఏ పిట్టకు తెలుస్తుంది?

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, దానికి 1991లో వచ్చిన సవరణా కలిసి సరదా వేటకు తలుపు మూసేశాయి. మంచిదే. నేనుండే అమెరికాలోని దక్షిణ డకోటాలో మాత్రం ఏటా అక్టోబరులో ఫెజెంటు కోళ్ళ వేట మొదలవుతుంది. పుంజులనే కొట్టనిస్తారు, పెట్టల జోలికి పోకూడదు. ఆ రోజులు దగ్గరపడితే ఇక్కడి తెలుగు కుర్రాళ్ళు, "అన్నగారూ, 26 అంగుళాల గొట్టం కొనమంటారా, 30 కొనమంటారా?" అని అడుగుతారు.

"నన్నెందుకోయ్, నీ చేతినడుగు!" అంటాను.

ఇది నవ్వులాటకు అనే మాట కాదు. పొట్టి గొట్టం చప్పున భుజానికెక్కుతుంది. పొదల్లోంచి బుర్రున లేచే పూరేళ్ళకు అదే బాగు. పొడుగుది ముందుబరువు వల్ల పక్షి వెంట నిలకడగా తిరుగుతుంది. బాతులు బారులు తీరి పోయే నీటిపట్టున 28, 30 నయం. ఇంకొక సంగతి. పంపు తుపాకికి గొట్టం వెనుక ఉండే మరభాగమే మూడు నాలుగంగుళాలు ఎక్కువ. 26 అంగుళాల పంపు తుపాకినీ, 30 అంగుళాల జోడుగొట్టాల తుపాకినీ పక్కపక్కన నిలబెడితే ఇంచుమించు ఒకే ఎత్తు.

మరి గుళ్ళు చెదరకుండా పోయేది దేనివల్ల? గొట్టం మూతి దగ్గరి నొక్కువల్ల. దాన్ని చోక్ అంటారు. 40 గజాల దూరాన 30 అంగుళాల వెడల్పున వలయం గీస్తే, బిగువైన ఫుల్ చోక్ నుంచి నూటికి 70 గుళ్ళు అందులో పడాలి. ఇంప్రూవ్డ్ సిలిండర్ అనే వదులు చోక్ నుంచి 50 పడితే చాలు. ఆ దూరం దాటితే గుళ్ళు పలచబడి, పక్షిని చంపవు, గాయపరుస్తాయి.

నిరుడు మా మిత్రుడొకాయన కొత్తగా 30 అంగుళాలది కొన్నాడు. "ఇంత పొడుగుంది, అందదా?" అంటూ 60 గజాల పైన పోతున్న పుంజును కొట్టాడు. రెండు ఈకలు రాలాయి. పక్షి కాలు వేలాడేసుకుని జమ్ములో పడింది. కుక్క చీకటి పడేదాకా వెదికింది. దొరకలేదు. ఆ రాత్రి ఆయన భోజనానికి లేవలేదు. నమ్మకం ఆయనది, బాధ ఆ పక్షిది.

అందుచేత, కొట్లో గొట్టం కొలిచే ముందు ఖాళీ స్థలంలో 40 గజాలు కొలిచి ఒక కర్ర పాతండి. రోజూ చూసి ఆ దూరాన్ని కంటికి అలవాటు చెయ్యండి. ఆ కర్రకు అవతల ఎగిరే పక్షి మీది కాదు. దాని దారిన దాన్ని పోనివ్వండి.