ఆటలపిచ్చి

మా పెద్దవాఁడు బడి క్రికెట్టు జట్టులో నున్నాఁడన్నమాటయేగాని, రెండేండ్లనుండి వాని పని తక్కిన యాటగాండ్రకు నీళ్లందించుటయే. "ఆడనివానికి ఆట యెందులకు? పుస్తకము తీయరాదా?" యని మేము నిత్యము కోపించుచుంటిమి. పరీక్షలు దగ్గఱపడఁగా వాని బ్యాటును బియ్యపుడబ్బా వెనుక దాఁచితిమి కూడ. వాఁడు ఏడ్వలేదు, అన్నము మాత్రము సగము తిని లేచెను. ఆ రాత్రి మావారు లామార్ హంటుగారి చరిత్ర మాకుఁ జెప్పిరి.

హంటుగారు 1932లో అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రమునఁ బుట్టిరి. తండ్రి టెక్సాసు చమురుబావులవలన అపారధనము గడించినవాఁడు. కుమారుఁడును చమురు వ్యాపారములోనివారే. మనస్సు మాత్రము ఆటలపైననే. చిన్ననాఁడే యింటివారు "గేమ్స్" అని ముద్దుపేరు పెట్టిరి. కళాశాల ఫుట్‌బాలు జట్టునఁ జేరిరిగాని, అచ్చటను మావానివలెనే బల్లపైఁ గూర్చుండుటయే తఱచు.

అట్టివారు, పాత సంఘమున జట్టు దొరకకపోఁగా, 1959లో తనవంటివారిని కొందఱిఁ గూర్చుకొని అమెరికన్ ఫుట్‌బాల్ లీగును స్థాపించిరి. ఆయన జట్టు డల్లాసును విడిచి 1963లో కాన్సాస్ సిటీకిఁ దరలినది. ఆ యేఁటి యెంపికలో, నల్లజాతివారి కళాశాలయగు గ్రాంబ్లింగునఁ జదివిన బక్ బుకానన్‌ను అందఱికంటె ముందుగా నెన్నుకొన్నది. 1970 జనవరి 11న మిన్నెసోటా జట్టును 23-7తో నోడించి సూపర్ బౌల్ గెలిచినది.

ఆ పేరు కథ సోదరీమణులు వినఁదగినది. ఇంటిలోని పిల్లలు "సూపర్ బాల్" అను ఎగిరెడు రబ్బరుబంతితో నాడుకొనుచుండిరి. ఆ బంతిమాటయే హంటుగారి నోటఁ బోటీపేరుగ మాఱినది. భార్య నార్మాగారు 2023లో గతించువఱకు జరిగిన 57 పోటీలను ఒక్కటియు విడువక చూచిరి.

ఆయన తప్పు చేయనివారు కారు. అన్నలతోఁ గలిసి వెండి కొనుగోళ్లలో దిగి, 1980లో ధర కూలఁగా మిక్కిలి నష్టపోయిరి. ధనము కరఁగినను ఆటపై మక్కువ తఱుగలేదు. 1999లో కొలంబసు నగరమున సాకరుకే ప్రత్యేకముగ క్రీడాస్థలము కట్టించిరి. 2006 డిసెంబరు 13న కన్నుమూయునాఁటికి ఫుట్‌బాలు, సాకరు, టెన్నిసు మూఁడింటి కీర్తిమందిరములలోను ఆయన పేరు చేరియుండెను.

కథ ముగించి మావారు, "అంత ధనము మనకు లేదు సుమా!" యని నవ్విరి. నిజమే, కాని మాకుఁ దట్టినది ధనముమాట గాదు. బల్లపైఁ గూర్చున్నవాఁడును ఆటను బ్రేమింపవచ్చును. ఆ ప్రేమను ఎగతాళిచేయుట తల్లికిఁ దగదు. మఱునాఁడు బ్యాటును దుడిచి వాని పుస్తకముల ప్రక్కనుంచితిమి. వాఁడేమియు ననలేదు, ఆ పూట మాఱన్నము వడ్డింపుమని యడిగెను.