తలశ్శేరి విందులో రెండు జాడీలు

గడచిన కార్తీకమాసమున మేము మలబారు తీరమందలి తలశ్శేరికి పోయి వచ్చితిమి. మావారి చిరకాలమిత్రు లొకరు అచ్చట ఉపాధ్యాయులు. క్రొత్తగా ఇల్లు కట్టుకొని గృహప్రవేశపు విందునకు రమ్మని వారు మిక్కిలి ఆదరముతో వ్రాసిరి. కాకినాడలో బండి యెక్కి, చెన్నపట్టణమున మంగళూరు మెయిలునకు మాఱి, పాలక్కాడు కనుమ దాటి, మఱునాటి యుదయమున ఆ యూరు చేరితిమి.

అది కొబ్బరితోటల నడుమ సముద్రమునకు మోమై కూర్చున్న చిన్నపట్టణము. ఈస్టిండియా కంపెనీవారు 1708లో కట్టిన కోట నేటికిని నిలిచియున్నది. ఇల్లిక్కున్ను గుట్టమీద హెర్మన్ గుండర్టు పండితుడు నివసించిన బంగళాను చూచితిమి. మనకు నిఘంటువు కూర్చిన బ్రౌనుదొర యెట్టివారో, మలయాళులకు ఆ జర్మను పండితుడు అట్టివారు. అతని నిఘంటువు 1872లో వెలువడినది.

ఈ యూరికి కేకుల పట్టణమని పేరు. మాంబళ్ళి బాపు అనునతడు బర్మాదేశమున బిస్కట్లపని నేర్చివచ్చి 1880లో ఇచ్చట కార్ఖానా పెట్టెను. 1883లో అంజరక్కండి తోటలదొర మర్డాక్ బ్రౌను సీమనుండి తెచ్చిన క్రిస్మసు కేకును రుచి చూపి, అట్టిదే చేయుమని యడిగెననియు, అందులకు మాహేనుండి ఫ్రెంచి బ్రాందీ తెప్పించుకొమ్మనెననియు చెప్పుదురు. బాపు దానికి బదులు ఆ చుట్టుపట్ల దొరకెడు జీడిమామిడిపండ్ల సారాయిని, కదళీఫలములను వాడెనట! ఆ మాహే తలశ్శేరికి సుమారు 8 కిలోమీటర్ల దూరము. మా కాకినాడ చెంతనున్న యానామువలెనే అదియు 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండినది. నేడు రెండును పుదుచ్చేరిలోనివే. దేశమున కీచివరనొకటి, ఆచివరనొకటి యున్న ఈ యక్కచెల్లెండ్రను తలచుకొని మేము ముచ్చటపడితిమి.

ఇక విందుమాట. ఆ యింటివారు క్రైస్తవులు. ఆ యిల్లాలిని మేము అచ్చటివారివలెనే చేచ్చి యని పిలిచితిమి. చేచ్చి యనగా అక్క. భోజనములైన పిమ్మట ఆమె రెండు గాజుజాడీలను తెచ్చి బల్లపై నుంచెను. రెంటను ఎండుద్రాక్షలు, ఖర్జూరములు, నారింజతొక్కల ముక్కలు నిగనిగలాడుచు నానియున్నవి. ఒకదాని మూతిని ఎఱ్ఱగుడ్డయు, రెండవదాని మూతిని తెల్లగుడ్డయు కట్టబడియున్నవి. తొమ్మిదేండ్ల మా చిన్నవాడు అప్పుడే ఎఱ్ఱగుడ్డ జాడీవైపు చేయి చాచెను. చేచ్చి వాని చేయి మెల్లగా పట్టుకొని, అందఱకును వినబడునట్లు, “ఎఱ్ఱగుడ్డ జాడీలో వైను ఉన్నది. అది పుచ్చుకొను పెద్దలకు మాత్రమే. తెల్లగుడ్డ జాడీలోనిది వట్టి ద్రాక్షపండ్ల రసము. అది అందఱిదియు” అని చెప్పిన తరువాతనే గరిటె చేతబట్టెను.

చేయు విధము మిక్కిలి సులభము. పండ్లను కడిగి, తడిలేకుండ ఆఱబెట్టి, గింజలు తీసి ముక్కలు చేయవలెను. వైనుజాడీకి పండ్లు మునుగునంత వైను పోసి, పొడిగరిటెతో కలుపుచు చల్లనిచోట నుంచవలెను. బ్రాందీలో మద్యాంశము నూటికి 40 పాళ్ళవఱకుండగా వైనులో ఇంచుమించు 12 పాళ్ళే కావున, బ్రాందీలో నానినవానివలె ఇవి చిరకాలము నిలువవు. రిఫ్రిజిరేటరులో నుంచుట మేలు.

తెల్లగుడ్డ జాడీకి అరకిలో ఎండుపండ్లు, రెండు గ్లాసుల నల్లద్రాక్షల రసము, ఒక నారింజరసము, చిన్న దాల్చినచెక్క ముక్క, నాలుగు లవంగములు చాలును. రసమును సుగంధద్రవ్యములతో ఒక్క పొంగు రానిచ్చి, గోరువెచ్చనైనంతనే పండ్లపై పోసి, చల్లారిన పిదప రిఫ్రిజిరేటరులో రాత్రియంతయు నుంచవలెను. మూడుదినములలో వాడుకొనవలెను. దీనిని గిన్నెలలో వడ్డించి, పైన మీగడ వేసిన పసివారి యానందమునకు మేర యుండదు.

వైనులో నానిన పండునుండి మద్యము తనంత పోవునని కొందఱనుకొందురు. అది పొరపాటు. కేకుగా కాల్చినను పూర్తిగా పోదు. పసివారికి, గర్భవతులకు, ఔషధములు సేవించువారికి అది తగదు.

చేచ్చి మాట వినగానే మాకు కన్నులు చెమర్చినవి. అయిదేండ్ల క్రిందట మా యత్తగారు ధనుర్మాసవ్రతమందుండగా, పొరుగింటి యిల్లాలు ప్రేమతో కేకు తెచ్చియిచ్చెను. అత్తగారు ఇష్టముగా తినిరి. సాయంకాలమున, అందు రమ్ములో నానిన పండ్లున్నవని మాటవరుసకు తెలిసినది. ఆమె ఆ రాత్రి నిద్రింపలేదు. మఱునాడు ఉపవసించిరి. మేము పొరుగింటి గడప త్రొక్కుట మానితిమి. రెండేండ్లకు అత్తగారు స్వర్గస్థులైరి. పరామర్శకు వచ్చిన ఆ యిల్లాలితో మేము సరిగా మాటాడనైన లేదు.

కాని ఆ యత్తగారే వైద్యుడు చెప్పగా ద్రాక్షాసవమును సేవించెడివారు కదా! ద్రాక్షలను ధాతకీపుష్పములతో పులియబెట్టినదే ఆ యౌషధము. ఆమె యెఱిగియే సేవించిరి గనుక ఆమెకు బాధ లేకపోయెను. కేకు విషయమున ఎఱుగకపోవుటయే ఆమెకు శూలమైనది. మన తెలుగున ద్రాక్షారసమను నొక్కమాటయే పండ్లరసమునకును, మద్యమునకును చెల్లుచున్నది. ఇట్టిచోట విప్పి చెప్పకున్న వినువారి కెట్లు తెలియును? పొరుగింటామె చెప్పలేదు. నిజమే. మా వ్రతనియమమును మేము మాత్రము ఆమెకు చెప్పితిమా?

ఇంటికి వచ్చిన వారమునకు, తెల్లగుడ్డ జాడీలోని విధముగా పండ్లు నానవేసి, ఒక గిన్నె పట్టుకొని పొరుగింటికి పోయితిమి. “వదినా, ఇది వట్టి ద్రాక్షపండ్ల రసము, మద్యము లేదు” అంటిమి. ఆమె గిన్నె నందుకొని కొంతసేపు మాటాడలేదు. “ఆనాడు ఇట్లు చెప్పి యిచ్చుట నాకు తోచలేదు వదినా” అనెను. “అడుగుట మాకును తోచలేదు” అంటిమి.

ఆ సాయంకాలము వారి పిల్లలును, మా చిన్నవాడును మా యరుగుమీద కూర్చుండి గిన్నెను ఖాళీ చేసిరి. సోదరీమణులారా, మీ యింటి విందులలో ఏ జాడీ నుంచినను, గరిటెకన్న ముందు మాట వడ్డింపుడు.