యంత్రం చేసే ఆలస్యం

పద్యనాటకాలు చూస్తూ పెరిగిన కోనసీమ వారికి హార్మోనిస్టు విలువ చెప్పనక్కరలేదు. రాగం తీసే నటుడికి తాళపు కట్టుబాటు ఉండదు. అతడు ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో కనిపెట్టి, రవ్వంత వెనుకగా అనుసరించి, విరామం దొరకగానే దానిని స్వరాలతో నింపడమే హార్మోనిస్టు విద్య.

అమలాపురంలో ముప్పయ్యేళ్లు నా పద్యాలకు అలా వాయించిన మిత్రులొకరు 2019లో మా ఇంటికి వచ్చి, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలోని రాయబారపు పద్యాలకు హార్మోనియం రికార్డు చేసి ఇచ్చారు. ఆనాడు నా గొంతు పట్టేసింది. నేను పెదవులతోనే పద్యం అంటూంటే, నన్ను చూస్తూ వాయించారు. “గొంతు బాగయ్యాక మీ పద్యం ఎక్కించండి మాస్టారూ” అన్నారు. మరుసటి ఏడాది ఆయన కాలం చేశారు.

ఈమధ్య ధైర్యం చేసి, ఇయర్‌ఫోనులో ఆయన వాద్యం వింటూ పద్యం పాడి రికార్డు చేశాను. పాడుతున్నంతసేపూ చక్కగా కుదిరింది. తీరా రెండూ కలిపి వింటే, నా గొంతు ఆయన స్వరం వెనుక ఈడ్చుకుంటూ వస్తోంది!

కారణమేమంటే, కంప్యూటరు ధ్వనిని సాధారణంగా సెకనుకు 44,100 నమూనాలుగా గ్రహిస్తుంది. వాటిని ఒక్కొక్కటిగా కాక దోసిళ్లకొద్దీ అందుకుంటుంది. ఆ దోసిలి పేరే బఫరు. 1,024 నమూనాల దోసిలి నిండడానికి 23 మిల్లీసెకన్లు పడుతుంది. వినిపించేటప్పుడు కొంత, మైకు నుంచి తీసుకునేటప్పుడు కొంత, నడుమ డ్రైవర్ల వల్ల మరికొంత ఆలస్యం పోగవుతుంది. దోసిలి చిన్నదిచేస్తే ఆలస్యం తగ్గుతుంది గాని, ప్రాసెసరు అందుకోలేకపోతే ధ్వనిలో టపటపలు మొదలవుతాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోనులైతే ఆలస్యం ఇంకా పెరుగుతుంది. వైరున్నవే వాడుకోవాలి. నా గొంతు నాకు నేరుగా వినబడేందుకు ఒక చెవి ఖాళీగా ఉంచుకున్నాను.

ఆలస్యం నాటకరంగం మీదా ఉండేది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది గనుక, మూడు మీటర్ల దూరంలోని హార్మోనియం నాకు చేరడానికి దాదాపు 9 మిల్లీసెకన్లు. అది మాకెన్నడూ అడ్డురాలేదు.

యంత్రపు ఆలస్యంలో ఒక సుగుణముంది. పరికరాలూ అమరికలూ మార్చనంతవరకు అది ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. కనుక కొలవవచ్చు. ఆడాసిటీలో సవరణను సున్నా చేసి, టిక్కుటిక్కుమనే ట్రాకు ఒకటి తయారుచేశాను. ఇయర్‌ఫోనును మైకుకు ఆనించి, ఆ చప్పుడునే రెండో ట్రాకులోకి రికార్డు చేశాను. ఒకే టిక్కు రెండు ట్రాకుల్లో 168 మిల్లీసెకన్ల ఎడంతో కనిపించింది. లేటెన్సీ కాంపెన్సేషన్ గడిలో మైనస్ 168 అని రాశాను. ఇక కొత్త రికార్డును ఆ మేరకు అదే ఎడమకు జరుపుకుంటుంది.

మళ్లీ పాడాను. కుదిరింది. మా మనుమడు, “అక్కడక్కడా తేడా ఉంది తాతయ్యా, ఒక్కో స్వరాన్నీ జరిపి సరిచేస్తాను” అన్నాడు. వద్దన్నాను. గడిలో అంకె వేసి దిద్దింది యంత్రం చేసిన ఆలస్యాన్ని మాత్రమే. ఒక పద్యంలో, దీర్ఘసమాసం నడుమ ఆయన స్వరం క్షణకాలం ఆగుతుంది. అక్కడ నేను ఊపిరి తీసుకుంటానని ఆయనకు తెలుసు.